కుండపెంకులు చెప్పిన సముద్రయాన కథ

1769 అక్టోబరులో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌక న్యూజిలాండ్ తీరం చేరింది. అందులో టుపాయియా అనే అర్చకుడున్నాడు. తహితి సమీపంలోని రాయియాటియా దీవి అతని జన్మస్థలం. తీరాన నిలిచిన మావోరీలతో అతడు తన భాషలోనే మాట్లాడగా, ఆ మాటలు వారికి అర్థమయ్యాయి. ఆ రెండు జాతుల నడుమ దాదాపు 4,000 కిలోమీటర్ల సముద్రం ఉంది!

లోహమెరుగని, దిక్సూచి లేని ఈ జనం ఇంత దూరం ఎలా వ్యాపించారు? గాలివాటున కొట్టుకుపోయి యాదృచ్ఛికంగా దీవులకు చేరి ఉంటారని 1956లో ఆండ్రూ షార్ప్ వాదించాడు. అంతకుముందు 1947లో థోర్ హెయర్‌డాల్ పెరూ నుంచి కోన్‌టికీ అనే తెప్పపై 101 రోజులు ప్రయాణించి, వారు దక్షిణ అమెరికా నుంచి వచ్చారని నిరూపింపబూనాడు. సాహసం గొప్పదే, మట్టిలో దొరికిన సాక్ష్యం మాత్రం వేరు.

1952లో న్యూకలెడోనియా పడమటి తీరాన గిఫర్డ్, షట్లర్ అనే అమెరికన్లు తవ్వకాలు జరిపారు. గొయ్యి తవ్వడమని అర్థమిచ్చే స్థానిక పదాన్ని ఊరి పేరుగా పొరబడి, ఆ స్థలాన్ని ‘లపీటా’ అన్నారు. అక్కడి పెంకులపై పళ్ళ అచ్చుతో ఒత్తిన సన్నని చుక్కల నగిషీ ఉంది. అదే నగిషీ బిస్మార్క్ దీవుల నుంచి టోంగా, సమోవాల దాకా కనిపించింది. సుమారు 3,300 ఏళ్ళనాడు బిస్మార్క్ దీవులలో మొదలైన ఈ సంస్కృతి కొద్ది శతాబ్దాలలోనే సమోవా చేరింది. పందులను, కోళ్ళను, చేమదుంపలను, పెండలాన్ని పడవలకెక్కించుకొని సాగిన వారిని గాలికి కొట్టుకుపోయినవారనడం ఎలా? కాపురం పెట్టబోయేవారే అంత సరంజామా మోసుకుపోతారు.

వారెవరో 2003లో వనువాటులోని టియోవుమా వద్ద బయటపడిన శ్మశానం తెలిపింది. అస్థిపంజరాలకు తలలు లేవు. శరీరం శిథిలమయ్యాక పుర్రెను తీసి వేరుగా ఉంచే ఆచారం వారిది. ఒక పుర్రె కుండలోనే దొరికింది. ఆ ఎముకల డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారి దగ్గరి బంధువులు తైవాన్, ఉత్తర ఫిలిప్పీన్స్ ఆదివాసులు. భాషాశాస్త్రజ్ఞులు ముందే వేలు చూపిన దిక్కది. మలయా భాషలో అయిదును ‘లిమ’ అంటారు, హవాయిలోనూ ‘లిమ’యే.

సమోవా దగ్గర ఆగిన యాత్ర వెయ్యేళ్ళకు పైగా నిలిచిపోయి, క్రీ.శ. 1000 ప్రాంతంలో మళ్ళీ తూర్పుకు సాగింది. న్యూజిలాండ్ చేరింది 13వ శతాబ్దంలోనే. అమెరికాకు చెందిన చిలగడదుంప ఐరోపావారు రాకముందే ఈ దీవులలో పండింది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈ రెండు జాతుల రక్తం కలిసిందని 2020లో జన్యుపరిశోధన తేల్చింది. హెయర్‌డాల్‌కు దక్కిన ఊరట ఆపాటిదే. ఎవరు ఎవరి తీరానికి వెళ్ళారన్నది నేటికీ వివాదమే.

నౌకావిద్య మాటేమిటి? 1970 దశకం నాటికి హవాయిలో అది తెలిసినవారు లేరు. మైక్రోనేషియాలోని సటవాల్ అనే చిన్న దీవి నుంచి మావు పియాయిలుగ్‌ను పిలిపించారు. చుక్కలు ఉదయించే చోట్లు, కెరటాలు పడవను ఊపే తీరు అతనికి పటం. సొంత దీవిలో యువకులు ఆ విద్య పట్ల ఆసక్తి కోల్పోతున్నారన్నదే అతని చింత. 1976లో ‘హోకులేఆ’ అనే జంట పడవను ఏ పరికరమూ లేకుండా హవాయి నుంచి తహితికి నడిపాడు. వంశగతంగా వస్తున్న విద్యను పరాయివారికి నేర్పాడని తనవారు నిందించినా మానలేదు. అతని శిష్యుడు నైనోవా థామ్సన్ 1980లో అదే దారిలో తహితి వెళ్ళి తిరిగి వచ్చాడు.