కార్డు ఉంది, వైద్యం ఏది? – ఆరోగ్యశ్రీ, బీమా, మన బాధ్యత



ఒకప్పుడు మన సొసైటీకి వచ్చే అర్జీల్లో పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లే ఎక్కువ. ఇప్పుడు ఆసుపత్రి బిల్లు పట్టుకొని వచ్చేవారే ఎక్కువయ్యారు. వారిలో చాలామంది దగ్గర రేషన్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ అర్హత ఉంది. కొందరి దగ్గర ప్రైవేటు బీమా పాలసీ కూడా ఉంది. అయినా అప్పు తప్పలేదు. ఎందుకు? ఈ ప్రశ్నకు తెలిసినంత జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

2025 సెప్టెంబరులో జరిగిన సంగతి ఇది. నేలకొండపల్లి మండలంలో ఆటో నడుపుకునే ఒక సోదరుని తల్లి బాత్‌రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, "ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాం. నగదు కడితే ఆపరేషన్ చేస్తాం. మళ్లీ ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేం" అన్నారు. భార్య మెడలోని బంగారం కుదువపెట్టాడు. చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. కొద్దిరోజులకే సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఆగితే పోయేదిగా అని ఎవరైనా అనొచ్చు. విరిగిన ఎముకతో మూలుగుతున్న తల్లి పక్కన కూర్చున్న కొడుకుకు ఆ మాట చెప్పడం కష్టం.

ఆ సోదరుడు ఆసుపత్రిని తిట్టాడు, ప్రభుత్వాన్ని తిట్టాడు. ఆ కోపం న్యాయమైనదే. అయితే లోపం ఎక్కడుందో తెలిస్తేనే దాన్ని సరిచేయమని అడగగలం.

ఆరోగ్యశ్రీ ఎలా నడుస్తుంది?

2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ పథకాన్ని మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించింది. తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. మొదట్లో బీమా కంపెనీ ద్వారా నడిచిన పథకం క్రమంగా పూర్తిగా ప్రభుత్వ ట్రస్టు చేతికి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2021లో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాది పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. 2024లో కొత్త చికిత్సలను చేర్చి, ప్యాకేజీ ధరలను కూడా సవరించింది.

రోగి డబ్బు కట్టనవసరం లేదు. ఆసుపత్రి ముందుగా ట్రస్టు అనుమతి తీసుకుంటుంది, చికిత్స చేస్తుంది, తర్వాత బిల్లు పంపుతుంది. ట్రస్టు నిర్ణీత ప్యాకేజీ ధర చెల్లించాలి. చిక్కు ఈ చివరి మెట్టు దగ్గరే. చెల్లింపులు నెలల తరబడి ఆగితే చిన్న ఆసుపత్రులు జీతాలకు, మందులకు ఇబ్బంది పడతాయి. బకాయిలు వెయ్యి కోట్ల రూపాయలు దాటాయంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి సేవలు నిలిపివేశాయి. లెక్క అంత లేదని ప్రభుత్వం అన్నది. చర్చలు జరిగాయి, కొంత డబ్బు విడుదలైంది, సేవలు మొదలయ్యాయి. ఇద్దరి లెక్కల మధ్య నలిగింది మాత్రం పేదవాడే.

కాబట్టి నాయకులు పరిమితి పెంచామని చెప్పినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఆసుపత్రులకు ఎన్నాళ్లలో చెల్లిస్తున్నారు?" పది లక్షల హామీ గోడ మీద రాసి, కింద బకాయి పెరుగుతూ ఉంటే ఆ హామీ సమయానికి పనికిరాదు. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుల సంగతీ అంతే. ఆ సాయం ఎందరినో ఆదుకున్న మాట నిజం. కానీ ముందు సొంత డబ్బు కట్టి, బిల్లులు పోగేసి, సిఫార్సు లేఖ కోసం తిరిగి, నెలల తర్వాత చెక్కు అందుకోవడం హక్కు కాదు, దయ. వైద్యం దయగా కాక హక్కుగా అందాలి. అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని, అది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ కూలీల సంఘం కేసులో చెప్పింది.

మరో సంగతి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు, పరీక్షలు, దారి ఖర్చులు చాలావరకు మన జేబులోంచే పోతాయి. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం ప్రజలు నేరుగా చేతి నుంచి పెట్టుకున్నదే. 2013–14లో అది 64.2 శాతం. తగ్గింది, సంతోషం. కానీ 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలన్నది. 2021–22లో అది 1.84 శాతమే.

ప్రైవేటు బీమా ఎక్కడ ఎగ్గొడుతుంది?

రేషన్ కార్డు లేని చిన్న వ్యాపారులు, ప్రైవేటు ఉద్యోగులు పాలసీలు తీసుకుంటున్నారు. 2023–24లో బీమా కంపెనీలకు వచ్చిన ఆరోగ్య క్లెయిముల మొత్తంలో 71 శాతం సొమ్మే చెల్లించారని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదిక చెబుతున్నది. సుమారు 15,100 కోట్ల రూపాయల క్లెయిములను ఒప్పుకోలేదు.

కోత ఎలా పడుతుందో చూడండి. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000 రూపాయలు. మనం 8,000 రూపాయల గదిలో చేరాం. మనకు పడేది మూడువేల తేడా మాత్రమే అనుకుంటాం. కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి ఖర్చులకు కూడా అదే నిష్పత్తిలో కోత వేస్తారు. అవి 80,000 అయితే 50,000 మాత్రమే ఇస్తారు. మిగతా 30,000 మనదే. ఇక షుగర్ ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకుంటే, క్లెయిము రోజున అదే సాకు అవుతుంది. ఏజెంటు "రాయనక్కర్లేదు" అన్నా సరే, ఉన్న జబ్బు రాయించండి. నిజం చెప్పడం మన ధర్మం, ఇక్కడ అది రక్షణ కూడా.

2024లో నిబంధనలు కొంత మెరుగయ్యాయి. ముందున్న జబ్బులకు వేచి ఉండే కాలం గరిష్ఠంగా 3 ఏళ్లు. నగదు రహిత చికిత్స అభ్యర్థనపై గంటలో, డిశ్చార్జి బిల్లుపై 3 గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

బీమా విషయంలో ధర్మసందేహం ఉన్నవారు తమ మౌలానా గారిని అడిగి నిర్ణయించుకోవాలి. ఆరోగ్యశ్రీకి మనం ప్రీమియం కట్టేది లేదు, అది ప్రజల ఖజానా నుంచి నడిచే పథకం.

మన వంతు ఏమిటి?

ఆ ఆటో సోదరుని విషయంలో మా పొరపాటు కూడా ఉంది. ఆగిపోయినవి ప్రైవేటు ఆసుపత్రుల సేవలు. ఖమ్మం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అడగమని ఆ రోజు అతనికి చెప్పినవారు లేరు. మాకే తట్టలేదు. తట్టి ఉంటే ఆ బంగారం ఇంట్లోనే ఉండేదేమో. ఆ బాధతోనే మీ ముందు మూడు పనులు పెడుతున్నాం.

మొదటిది, వైద్యం కోసం ప్రత్యేకంగా కర్జె హసనా నిధి. ఆసుపత్రి అడ్వాన్సు కట్టాల్సిన రాత్రి వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్లే అవసరం రాకుండా, వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. తిరిగి వచ్చిన డబ్బు మరొకరికి అందుతుంది.

రెండవది, జకాత్. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో ఫకీరులు, మిస్కీనులతో పాటు అప్పుల్లో కూరుకున్నవారూ ఉన్నారు. వైద్యం వల్ల అప్పుల పాలై, తీర్చే దారి లేనివారిని రంజాన్ లెక్కల్లో గుర్తుంచుకోండి.

మూడవది, డబ్బు కాదు, సమయం. చదువుకున్న యువకులు నలుగురు ముందుకు రావాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రతో మాట్లాడటం, 104కు ఫోన్ చేసి సేవలున్న ఆసుపత్రిని కనుక్కోవడం, ఆధార్, రేషన్ కార్డుల్లో పేర్లు సరిపోయేలా ముందే దిద్దించడం, తిరస్కరణకు కారణం కాగితం మీద రాయించుకోవడం వారి పని. మన ఇళ్లలో ఒకే మనిషి పేరు ఒక కార్డులో "షేక్"తో, మరో కార్డులో లేకుండా ఉండటం మామూలే. జబ్బు వచ్చిన రోజున ఆ ఒక్క మాటే అడ్డం పడుతుంది.

ఈ సాయం మతం చూడదు. ఊరిలో ఎవరి తల్లి పడినా తల్లే. అలాగని మన విరాళాలు ప్రభుత్వ బాధ్యతకు బదులు కావు. బకాయిలు సకాలంలో చెల్లించమని, మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు, మందులు ఎప్పుడూ ఉండేలా చూడమని ఓటు అడగవచ్చిన ప్రతి నాయకుణ్ణీ, ఏ పార్టీ అయినా, అడుగుదాం. అడగడమూ సేవే.

మీరిచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. రోగులకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.