గోదారి బురదే అక్కడ గోడ!
కోరింగ మడ అడవుల్లో ఒక పగలు

ఖానాపురం హవేలి : భద్రాచలం వెళ్లి గోదావరిలో మునిగి రాని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. ఆ నీరు చివరకు ఎక్కడికి చేరుతుందో చూసి వచ్చినవారు మాత్రం తక్కువ. ఖమ్మం పక్కన పారే మున్నేరు కృష్ణలో కలుస్తుంది. గోదావరి మాత్రం కిన్నెరసాని, శబరి నీళ్లను కలుపుకొని, పాపికొండలు దాటి, ధవళేశ్వరం వద్ద గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. గౌతమి సముద్రంలో కలిసే చోట ఉన్నవే కోరింగ మడ అడవులు.

రాత్రి ఖమ్మంలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడ చేరవచ్చు. అక్కడి నుంచి యానాం రోడ్డున సుమారు 20 కిలోమీటర్లు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు.

ఊపిరి పీల్చే వేళ్లు

చెక్క బాట మీద నడుస్తుంటే ఇరువైపులా బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. తిల్ల చెట్టు కొమ్మను మాత్రం విరవరాదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు పగలే కనిపిస్తాయి. బావురు పిల్లి రాత్రి వేటకు వస్తుంది కనుక పగటి యాత్రికునికి కనబడటం అదృష్టమే.

పడవలు ఆటుపోట్లను బట్టి నడుస్తాయి కనుక ముందుగా వేళ కనుక్కొని వెళ్లడం మంచిది. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగినప్పుడు చనిపోయిన వారిలో తెలంగాణవారు కూడా ఉన్నారు.

సముద్రానికి అడ్డుగోడ

నది తెచ్చిన ఒండ్రును మడ వేళ్లు పట్టి నిలుపుతాయి. గోదావరి ఇసుకతోనే గత రెండు వందల ఏళ్లలో హోప్ దీవి ఏర్పడింది. దాని అడ్డు వల్లనే కాకినాడ రేవుకు కెరటాల తాకిడి తక్కువ. మడ దట్టంగా ఉన్న చోట ఉప్పెన వేగం కూడా తగ్గుతుంది. ఉప్పెన అంటే ఏమిటో కోరింగ ఎరుగును. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన ఆ రేవు పట్టణాన్ని 1839 నవంబరు ఉప్పెన తుడిచిపెట్టింది.

ఇప్పుడు ఆ గోడకే ముప్పు వచ్చింది. గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల కోసం చాలాచోట్ల మడ నరికారు. ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుండటంతో డెల్టాకు చేరేది తగ్గి, తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది.

2022 జూలైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటిన వరద ఇళ్లలో బురద నింపిపోయింది. ఇక్కడివారు తిట్టుకుంటూ ఎత్తిపోసే ఆ బురదే సముద్రపు ఒడ్డున పల్లెలకు అండ. నది ఒండ్రుతో పాటు చెత్తనూ మోసుకుపోతుంది. భద్రాచలం రేవులో విసిరిన ప్లాస్టిక్ సంచి కొట్టుకుపోయి ఆ మడ వేళ్లకే చుట్టుకోవచ్చు. కోరింగ చూసి వచ్చినవారు ఈసారి గోదావరిలో మునిగేటప్పుడు ఆ సంచిని వెనక్కు తెచ్చుకుంటే, చేసిన ప్రయాణం సార్థకమైనట్లే.