ఓటమితో మొదలై 1098 విజయాలు

ప్యాట్ సమిట్ అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు 1974 నుంచి 2012 వరకు, 38 సీజన్ల పాటు హెడ్ కోచ్‌గా పనిచేసింది. ఆ కాలంలో జట్టు 1098 మ్యాచ్‌లు గెలిచి 208 ఓడింది. ఎనిమిదిసార్లు జాతీయ చాంపియన్‌గా నిలిచింది. గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. ఆమె తప్పుకునే నాటికి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి డివిజన్‌లో, పురుషుల జట్ల కోచ్‌లను కలుపుకొని చూసినా, అన్ని విజయాలు మరెవరి ఖాతాలోనూ లేవు. ఈ అంకెల విలువ తెలియాలంటే ఆమె కోచింగ్ మొదలుపెట్టిననాడు ఆడపిల్లల ఆటకు అక్కడ ఏపాటి చోటు ఉండేదో ముందుగా చూడాలి.

ఆమె అసలు పేరు ప్యాట్రీషియా స్యూ హెడ్. 1952 జూన్ 14న టెనెసీ రాష్ట్రం క్లార్క్స్‌విల్‌లో రైతు కుటుంబంలో పుట్టింది. ముగ్గురు అన్నల తర్వాతి సంతానం, ఆమె తర్వాత ఒక చెల్లెలు. ఆవుల పాలు పితకడం, పొగాకు చేలో పని, గడ్డి మోపులు ఎత్తడం అన్నలతో పాటు ఆమెకూ తప్పేవి కావు. పనులు ముగిశాక రాత్రిపూట కొట్టం అటక మీద అన్నలతో జట్టు కట్టి బాస్కెట్‌బాల్ ఆడేది. ఆడపిల్ల కదా అని వాళ్లు మెల్లగా ఆడింది లేదు. హైస్కూలు వయసు వచ్చేసరికి క్లార్క్స్‌విల్‌లో ఆడపిల్లలకు జట్టు లేదని తేలింది. దాంతో తండ్రి రిచర్డ్ హెడ్ కుటుంబాన్ని జట్టు ఉన్న పక్క కౌంటీకి, హెన్రియెటా అనే ఊరికి మార్చేశాడు. కూతురితో ముద్దుగా ఒక మాట మాట్లాడడానికి కూడా మొహమాటపడే మనిషి, ఆమె ఆట కోసం ఇల్లే మార్చాడు.

1970లో ఆమె టెనెసీ విశ్వవిద్యాలయం మార్టిన్ ప్రాంగణంలో చేరింది. ఆటల కోటాలో అన్నలకు స్కాలర్‌షిప్‌లు దొరికాయి. ఆమెకు దొరకలేదు, ఎందుకంటే అమ్మాయిలకు అలాంటివి లేవు. ఫీజు తల్లిదండ్రులే కట్టారు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష చెల్లదని ఆ చట్టం చెప్పింది. అమెరికాలో మహిళల క్రీడలకు దారి తెరిచింది అదే. చట్టం కాగితం మీద నుంచి ఆట కోర్టు మీదికి రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆ పని చేసిన కోచ్‌లలో ముందువరసలో ఉన్న మనిషి ప్యాట్.

డిగ్రీ చివరి ఏడాది ఆమె మోకాలి లిగమెంట్ తెగింది. ఇక ఆట మానుకోవడమే మేలన్నాడు డాక్టర్. మా అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్తుంది, కాలు బాగుచేయండి అన్నాడు తండ్రి. 1974లో ఆమె పీజీ చదువుతూ సహాయ కోచ్‌గా చేయడానికి నాక్స్‌విల్‌లోని ప్రధాన ప్రాంగణానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే అక్కడి కోచ్ సెలవు మీద వెళ్లడంతో హెడ్ కోచ్ బాధ్యత ఆమె చేతికొచ్చింది. వయసు 22 ఏళ్లు, జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు ఆమెకన్నా ఏడాది మాత్రమే చిన్న. మ్యాచ్‌లకు వ్యాన్ ఆమే నడిపేది. ఆటగత్తెల యూనిఫామ్‌లు ఆమే ఉతికేది. ఆ యూనిఫామ్‌లు కూడా అంతకు ముందు ఏడాది డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవే. ఒకసారి మ్యాచ్ ముందు రాత్రి ప్రత్యర్థి జట్టు జిమ్‌లోనే చాపలు పరుచుకుని పడుకున్నారు. 1974 డిసెంబర్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో మెర్సర్ చేతిలో 83-84తో ఒక్క పాయింటు తేడాతో ఓడారు. మొదటి గెలుపు జనవరిలో వచ్చింది.

కోచింగ్, పీజీ చదువు, క్లాసులు చెప్పడం, కుట్లు పడిన మోకాలికి కసరత్తు, అన్నీ ఒకేసారి నడిచాయి. మహిళల బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి చేర్చింది 1976లో, మాంట్రియల్‌లో. అమెరికా జట్టు సహ కెప్టెన్లలో ఒకరిగా ఆమె ఆడింది. సోవియట్ జట్టుకు స్వర్ణం, అమెరికాకు రజతం దక్కాయి.

ఆ రోజుల్లో టెనెసీ హైస్కూళ్లలో ఆడపిల్లలది మరో రకం ఆట. జట్టుకు ఆరుగురు. ముగ్గురు కోర్టుకు ఒక సగంలో ఉండి బుట్టలో వేయాలి, ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకోవాలి. మధ్య గీత దాటడానికి వీల్లేదు. అమ్మాయిలు కోర్టంతా పరుగెత్తలేరన్న పాత నమ్మకమే ఈ నియమానికి మూలం. సొంత రాష్ట్రంలో ఎంత ప్రతిభ ఉన్నా సగం ఆటే వచ్చిన పిల్లలు కాలేజీ స్థాయిలో నిలబడలేరని ప్యాట్ బహిరంగంగానే వాదించింది. ఈ పద్ధతి మారకపోతే టెనెసీ పిల్లలను తన జట్టులోకి తీసుకోవడం కష్టమని చెప్పింది. 1970ల చివరికి రాష్ట్రం ఐదుగురి ఆటకు మారింది. రికార్డు పుస్తకాల్లో కనిపించకపోయినా, ఒక రాష్ట్రంలోని ఆడపిల్లలందరి ఆటనూ మార్చిన ఈ గెలుపు ఏ ట్రోఫీకీ తీసిపోదు.

మహిళల జాతీయ టోర్నమెంటును కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1982లో చేపట్టింది. మొదటి ఏడాదే టెనెసీ చివరి నాలుగు జట్లలో (ఫైనల్ ఫోర్) చోటు సంపాదించింది. కానీ టైటిల్ అందలేదు. అంతకుముందు వేరే సంఘం నడిపిన టోర్నమెంటులో 1980, 1981 ఫైనల్స్ పోయాయి. 1984 ఫైనల్‌లో షెరిల్ మిల్లర్ ఆడిన సదరన్ కాలిఫోర్నియా చేతిలో ఓటమి. అదే ఏడాది వేసవిలో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ జట్టుకు ప్యాట్ కోచ్, షెరిల్ ఆమె శిష్యురాలు. ఆ జట్టు అమెరికా మహిళల బాస్కెట్‌బాల్‌కు మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. కాలేజీ టైటిల్ 1987లో వచ్చింది. ఆస్టిన్‌లో జరిగిన ఫైనల్‌లో లూసియానా టెక్‌ను 67-44తో చిత్తు చేశారు. 1989లో రెండోది.

ఆమె శిక్షణ కఠినమైనది. మాటకన్నా ముందు చూపే భయపెట్టేదని శిష్యురాళ్లంతా చెప్పేవారు. ఒక ఓటమి తర్వాత నాక్స్‌విల్ తిరిగొచ్చీ రాగానే, చెమటతో తడిసిన యూనిఫామ్‌లనే మళ్లీ తొడిగించి ప్రాక్టీస్ చేయించింది. ప్రాక్టీసులో అబ్బాయిలతో ఆడించేది. అలాగని కేకలతోనే నడిచిన జట్టు కాదది. మెచ్చుకుంటే ఆటగత్తె ‘టూ పాయింట్స్’ అనాలి, తప్పు చెబితే ‘రీబౌండ్’ అనాలి. విన్నాను, అందుకున్నాను అని తెలిపే పద్ధతి. మెప్పునూ మందలింపునూ రెంటినీ ఒకేలా స్వీకరించడం అలవాటు చేయడమే దాని ఉద్దేశం. తరగతి గదిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలన్నదీ, క్లాసు ఎగ్గొట్టకూడదన్నదీ ఆటకు సంబంధించిన నియమాలంత గట్టివి.

1990 సెప్టెంబర్‌లో నిండు గర్భిణిగా ఉండి కూడా మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని జట్టులోకి ఒప్పించడానికి పెన్సిల్వేనియా వెళ్లింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. చెప్పదలచింది చెప్పి ముగించాకే విమానం ఎక్కింది. దారిలో వర్జీనియాలో దించుతామని పైలట్లు అంటే ఒప్పుకోలేదు. అంతకు కొద్ది నెలల ముందు తన జట్టును టోర్నమెంటు నుంచి ఇంటికి పంపింది వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టే మరి! కొడుకు టైలర్ నాక్స్‌విల్‌లోనే పుట్టాడు. మరుసటి ఏడాది ఫైనల్‌లో అదే వర్జీనియాను ఎక్స్‌ట్రా టైమ్‌లో 70-67తో ఓడించి మూడో టైటిల్ గెలిచింది. మిషెల్ ముందు మరో కాలేజీలో చేరినా తర్వాత టెనెసీకే వచ్చింది. 1996 టైటిల్ గెలిచిన జట్టులో ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

1996, 1997, 1998 టైటిల్స్ వరుసగా వచ్చాయి. ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంటులో అలా మూడేళ్లు గెలిచిన జట్టు అంతకు ముందు లేదు. వీటిలో 1997 గెలుపు అన్నిటికన్నా గొప్ప కోచింగ్ అని చెప్పాలి. ఆ సీజన్‌లో జట్టు పది మ్యాచ్‌లు ఓడి, టోర్నమెంటులోకి పెద్దగా ఆశలు లేకుండా అడుగుపెట్టి, కప్పు పట్టుకొచ్చింది. మరుసటి ఏడాది షమీక్ హోల్డ్స్‌క్లా, తమీకా క్యాచింగ్స్, సెమీకా ర్యాండల్ త్రయంతో 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచింది.

2000లో ప్యాట్‌కు నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2005 మార్చిలో పర్డ్యూపై 880వ గెలుపుతో పురుషుల కోచ్ డీన్ స్మిత్ రికార్డును దాటింది. నాక్స్‌విల్ స్టేడియంలోని కోర్టుకు విశ్వవిద్యాలయం ఆమె పేరే పెట్టింది. నెలకు 250 డాలర్లతో మొదలైన జీతం 2006 ఒప్పందంతో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో ఆ మొత్తం అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. క్యాండేస్ పార్కర్ ఆడిన 2007, 2008 జట్లు చివరి రెండు టైటిల్స్ తెచ్చాయి. 2009 ఫిబ్రవరి 5న జార్జియాపై వెయ్యో విజయం.

2011 ఆగస్టులో, 59 ఏళ్ల వయసులో, తనకు చిన్న వయసులో వచ్చే రకం అల్జీమర్స్ మొదలైందని ప్యాట్ స్వయంగా ప్రకటించింది. ఆ సీజన్ కూడా కోచ్‌గా కొనసాగింది. మైదానంలో ఎక్కువ భారం ఆమె పాత శిష్యురాలు, సహాయ కోచ్ హోలీ వార్లిక్ మోసింది. చివరి మ్యాచ్‌లో టెనెసీని ఓడించిన బేలర్ జట్టు కోచ్ కిమ్ మల్కీ, 1984 ఒలింపిక్స్‌లో ప్యాట్ దగ్గర ఆడిన అమ్మాయే. 2012 ఏప్రిల్‌లో ప్యాట్ పదవి వదిలి హోలీకి అప్పగించింది. అల్జీమర్స్‌పై పోరాటానికి తన పేరుతో ఫౌండేషన్ పెట్టింది. దేశాధ్యక్షుడు ఒబామా ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చాడు. 2016 జూన్ 28న, 64 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

1098 రికార్డును 2018లో డ్యూక్ పురుషుల జట్టు కోచ్ మైక్ షషెఫ్‌స్కీ, 2020లో స్టాన్‌ఫర్డ్ మహిళల జట్టు కోచ్ టారా వాండర్‌వీర్ దాటారు. ఎవరూ దాటలేని లెక్క ఒకటి మాత్రం మిగిలింది. టెనెసీలో ఆమె దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది.