అక్షరాలు లేని కథ

అక్షరాలు రాని నాయనమ్మ మనుమనికి పుస్తకం చదివి వినిపించగలదా? పుస్తకంలో అక్షరాలే లేకపోతే తప్పక వినిపించగలదు.

క్రిస్మస్ దినాలలో పలు దేశాల పిల్లలు చూచే 'ది స్నోమ్యాన్' అటువంటిది. ఆంగ్ల చిత్రకారుడు రేమండ్ బ్రిగ్స్ 1978లో దానిని కేవలం బొమ్మలతో రచించాడు. ఒక బాలుడు మంచుతో మనిషిని చేస్తాడు. రాత్రి ఆ బొమ్మకు ప్రాణం వస్తుంది. తెల్లవారేసరికి అది కరిగిపోయి టోపీ, మెడగుడ్డ మాత్రం మిగులుతాయి. నిజానికి ఈ పుస్తకంలో క్రిస్మస్ ప్రస్తావనే లేదు. 1982లో టెలివిజన్ చిత్రంగా తీసినప్పుడు క్రిస్మస్ తాత వచ్చి చేరాడు! ఏ పుటకు ఏ మాట తగునో నిర్ణయించేది నాయనమ్మయే. కథ ఆమె పలుకుబడిలోనే సాగుతుంది.

గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేటలో మంచు కురవదు. అయితేనేమి, మట్టికి కొదువ లేదు. కథ విన్న పిమ్మట ఇంటిల్లిపాదీ కూర్చుండి మట్టితో చిన్న మనిషిబొమ్మను చేసి, బాగుగా ఆరనిచ్చి, మెడకు గుడ్డపేలిక చుట్టాలి. రాత్రి దానిని నీళ్ళ పళ్ళెంలో నిలిపితే ఉదయానికి బొమ్మ కూలి పేలిక మిగులుతుంది. మంచు వేడికి కరుగుతుంది, మట్టి నీటికి విడిపోతుంది. ఆ భేదాన్ని అప్పుడే పెద్దలు చెప్పాలి.

క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ రచించిన 'ది పోలార్ ఎక్స్‌ప్రెస్' (1985)లో ఒక గంట ఉంది. దాని నాదం బాలునికి వినిపిస్తుంది, తల్లిదండ్రులకు వినిపించదు. ఆ కథ చెప్పిన రాత్రి ఎద్దు మెడగంటను పెరటిలో మోగించి, కళ్ళు మూసుకున్న పిల్లలను దిక్కు చూపమనవచ్చు. తరువాతి వంతు తండ్రిది.