మట్టిపాత్రల ముద్రలు - అచ్చయిన పొరపాట్లు

1944 వ సంవత్సరము జూలై నెలలో చెన్నపురి ప్రదర్శనశాల బీరువాలో వెదకుచుండగా ఒక మట్టిపాత్ర మెడయు, దాని నంటియున్న పొడవైన పిడియు మోర్టిమర్ వీలర్ చేతికి తగిలినవి. ఆ యేడే ఆయన భారత పురావస్తుశాఖకు ప్రధానాధికారిగా వచ్చినవాడు. అట్టి పిడి మన దేశపు కుమ్మరి చేసినది కాదని ఆయన చూచినంతనే గ్రహించెను. మధ్యధరా సముద్ర తీరమున ద్రాక్షసారాయమును, ఒలీవ నూనెను నింపి ఓడల కెక్కించెడి ఆంఫొరా యను రెండు పిడుల జాడీలో అది యొక ముక్క. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడు దిబ్బనుండి అది వచ్చినదని తెలియగానే ఆయన పుదుచ్చేరికి రైలెక్కెను. ఫ్రెంచివారు అంతకుముందే అక్కడ త్రవ్వి భద్రపఱచిన పెంకులలో ఎఱ్ఱగ నిగనిగలాడు ఇటలీ దేశపు పాత్రల ముక్కలు కూడ కనబడినవి. 1945 లో వీలర్ స్వయముగ అచ్చట త్రవ్వకము జరిపించి, మరుసటి యేడు ఆ వివరములను పురావస్తుశాఖ పత్రికలో ప్రకటించెను.

ఇంతవఱకు చాలమంది చదివిన కథయే. నేడు మనవిచేయదలచినది దాని తరువాతి కథ. ఒక పెంకునకు సరిగ నిర్ణయించిన కాలము ప్రక్కనున్న వేఱొక పెంకునకు తప్పుగ సంక్రమించినది. ఆ తప్పు అచ్చున కెక్కి, దక్షిణాపథమున దొరకిన ఎన్నియో పాత వస్తువుల వయస్సును, తుదకు మన చిత్తూరు జిల్లాలో పాండవగుళ్లని జనులు పిలుచు రాతిగూళ్ల వయస్సును సైతము కుదించివేసినది. దానిని సరిదిద్దుటకు దాదాపు నలువది యేండ్లు పట్టినవి.

మొదట సరియైన భాగమును చెప్పవలెను. ఇటలీలోని అరెత్సో పట్టణమున, దాని పరిసరములందును చేసిన ఎఱ్ఱని పాత్రలపై కుమ్మరుల పేళ్లు ముద్రవేయుట ఆచారము. అరికమేడులో దొరకిన ముక్కలపై విబియె, కామురి, ఇట్టా అను లాటిను పేళ్లు కానవచ్చినవి. ఆ తరగతి పాత్రల తయారీ క్రీ. పూ. 30 ప్రాంతమున మొదలై క్రీ. శ. 50 ప్రాంతమున సన్నగిల్లినదని పడమటి దేశపు తవ్వకములవలన తెలియుచున్నది. కాబట్టి ఆ పెంకులు పడియున్న మట్టిపొర క్రీస్తుశకము మొదటి శతాబ్దమునకు దగ్గఱదనుట సబబే. ఇందు వీలర్ పొరబడలేదు.

చిక్కు వచ్చినది మఱియొక తరగతి పాత్రలతో. అవి ముద్రలు లేనివి. బూడిదరంగో నలుపో గల పలుచని మట్టి, అద్దమువంటి నునుపు, చదునైన అడుగు, లోపలికి వంగిన అంచు గల వెడల్పాటి పళ్లెములు. లోపలి అడుగున గుండ్రముగ రెండు మూడు వరుసలలో సన్నని గాట్లు తీర్చబడియుండును. పండ్లుగల చిన్న చక్రమును దొర్లించి ఆ గాట్లు వేసియుందురని తలచి ఆంగ్లేయులు వీనికి రూలెటెడ్ పాత్రలని పేరిడిరి. పేరులోనే ఒక ఊహ దాగియున్నది. సారెపై తిరుగుచున్న పచ్చి పళ్లెమునకు పలుచని రేకు తాకించినచో, అది అదురుచు తనంతట అట్టి గాట్లే వేయునని తరువాతి పరిశోధకులు కొందఱు చెప్పిరి. అట్లయిన చక్రమే అక్కఱలేదు.

ఈ అలంకారము మధ్యధరా దేశములదని వీలర్ భావించెను. కొన్ని పళ్లెములు అచ్చటినుండి దిగుమతి అయినవనియు, తక్కినవి వానిని చూచి మనవారు చేసిన అనుకరణములనియు ఆయన అభిప్రాయము. ఇటలీ ఎఱ్ఱపాత్రలకు నిలిచిన కాలము వీనికిని నిలిచినది. ఇక ఈ పళ్లెపు పెంకు ఎక్కడ దొరకినను అది రోమక వర్తకమునకు గుఱుతు, ఆ చోటు మొదటి శతాబ్దమునాటిది అని వ్రాయుట వాడుకయైనది. అమరావతిలో, ధరణికోటలో, వంశధార తీరమున సాలిహుండములో ఇట్టి పెంకులు దొరకినవి. ఇటలీ ఎఱ్ఱపాత్రలు అరుదు. ఈ పళ్లెములో ఊరూర కలవు. అందువలన తప్పు ఎంత దూరము వ్యాపింపగలదో అంత దూరమును వ్యాపించినది.

1947 లో వీలర్ కన్నడ దేశమున బ్రహ్మగిరిని త్రవ్వించెను. అచ్చట పై పొరలో ఈ పళ్లెపు పెంకులున్నవి. దాని క్రింద పెద్దరాళ్ల సమాధులు కట్టిన జనుల పొర. పై పొరకు ఆయన ఆంధ్ర సంస్కృతి యని పేరుపెట్టి, అరికమేడు లెక్కను బట్టి అది క్రీ. శ. మొదటి శతాబ్ది మధ్యమున ఆరంభమైనదనెను. క్రింది పొరకు ఆపైన మిగిలిన కాలమెంత? క్రీ. పూ. 200 నుండి అని వ్రాసెను. అనగా దక్షిణదేశమున ఇనుము వాడుకలోనికి వచ్చినదే అశోకుని తరువాత అని ఫలితార్థము. తరువాత తుంగభద్ర యొడ్డున హల్లూరులో 1965 లో త్రవ్విన పొరలలోని బొగ్గును కర్బన పరీక్షకు పంపగా, ఇనుపవస్తువులు గల పొర క్రీ. పూ. 1000 ప్రాంతమునకు చెందినదని తేలినది. ఎనిమిది వందల యేండ్ల తేడా! మన కొండవాలులందలి రాతిగూళ్లు కట్టినవారి కాలమును ఒక పళ్లెపు గాట్లు ఎట్లు కుదించెనో శ్రోతలు ఊహింపవచ్చును.

ఇట్టి చిక్కు మన దేశమున మాత్రమే వచ్చినది కాదు. ముద్రలుగల పాత్రల విషయముననే, అక్షరములు స్పష్టముగ నున్నను, ఇంతకంటె చిత్రమైన పొరపాటు యూదా దేశపు చరిత్రలో జరిగినది. అచ్చటి పెద్ద జాడీల పిడులపై కాల్చుటకు ముందే వేసిన ముద్రలు రెండువేలకు పైగ దొరకినవి. 1869 లో చార్లెస్ వారెన్ యెరూషలేములో మొదటివానిని త్రవ్వి తీసెను. ముద్ర నడుమ రెండు ఱెక్కల సూర్యబింబమో, నాలుగు ఱెక్కల పేడపురుగో ఉండును. పైన ల-మ-ల-క్ అను నాలుగు హెబ్రీ అక్షరములు, అనగా 'రాజునకు చెందినది' అని. క్రింద హెబ్రోను, జీఫు, శోకో, మమ్‌షత్ అను నాలుగు పేళ్లలో ఒకటి. నాల్గవది ఏ యూరో నేటికిని నిశ్చయము కాలేదు.

నాలుగు పేళ్లున్నవి గనుక నాలుగు ఊళ్లలో రాజుగారి ఆవములు ఉండెనని మొదట కొందఱు వ్రాసిరి. 1984 లో ప్రకటితమైన మట్టి పరీక్షలలో జాడీల మట్టి అంతయు యూదా పడమటి పల్లపు కొండల ప్రాంతమున ఒక్కచోటిదే యని తేలినది. రాజముద్ర కొలత సరియైనదని తెలుపు గుఱుతని మఱికొందఱు వ్రాసిరి. లాకీషు జాడీలను అతికించి నీరు పోసి కొలువగా ఒకటి నలువది లీటర్లు, మఱొకటి ఏబదికి పైన పట్టినవి. ఇట్టి కొలపాత్రను మన సంతలో ఏ వర్తకుడు తెచ్చినను జనులు ఊరకుందురా?

ఇవి చిన్న పొరపాట్లు. పెద్దది కాలమును గూర్చినది. రాజముద్రలవంటి జాడీల పిడులపైననే కొన్ని వ్యక్తుల పేళ్ల ముద్రలు కూడ కలవు. అందొకటి 'యోకాను సేవకుడైన ఎల్యాకీముది' అని చదువబడినది. టెల్ బేత్ మిర్సిం అను దిబ్బను 1926 నుండి 1932 వఱకు త్రవ్విన ఆల్‌బ్రైట్ మహాపండితుడు. ఈ యోకాను క్రీ. పూ. 597 లో బబులోనునకు చెఱపట్టబడిన యెహోయాకీను రాజే యని ఆయన నిర్ణయించెను. పేరు కలిసినది, రాజు దొరకెను, సంవత్సరము సిద్ధించెను. ఆ ముద్ర దొరకిన పొరలు, ఆ పొరలలోని కుండలు, ఆ కుండలవంటి కుండలు దొరకిన ఇతర దిబ్బలు అన్నియు ఆ సంవత్సరమునకు కట్టుబడినవి.

దీనిని ఎదిరించినది ఓల్గా టఫ్నెల్ అను నామె. లాకీషును త్రవ్వించుచున్న స్టార్కీ 1938 లో హత్యకు గుఱికాగా, ఆ పని వివరములను కూర్చి ప్రకటించు భారము ఆమెపై బడెను. లాకీషులో తగులబడిన పొరలు రెండు. వాని కుండలు ఒకదానితో ఒకటి పోలవు. నడుమ నూఱేండ్ల యెడమున్నది. రాజముద్రల జాడీలు పాత పొరవి. ఆ పొరను కాల్చినది క్రీ. పూ. 701 లో హిజ్కియా రాజుపై దండెత్తిన అష్షూరు రాజు సన్హెరీబు అని ఆమె 1953 లో వ్రాసెను. పండితులలో ఎక్కువమంది ఒప్పుకొనలేదు. మహాపండితుని నిర్ణయము ఒక ప్రక్కనుండగా, మట్టిపొరలను ఓపికగ విప్పిచూచిన ఆమె మాటకు విలువ వచ్చుటకు ఇరువది యేండ్లు పట్టినది. 1973 లో డేవిడ్ ఉషిష్కిన్ లాకీషును మరల త్రవ్వనారంభించి ఆమె చెప్పినదే నిజమని కనుగొనెను. 1976 లో ఎల్యాకీము ముద్రయు 701 కు ముందటి జాడీలదేయని, యోకాను రాజు కాడు, ఎవరో సామాన్యుడని ఆయన చూపెను. ఇట్టి రాజముద్రలు 701 తరువాత కొంతకాలము వాడుకలో నుండెనా యను చర్చ అటుపిమ్మటను సాగినది. కాని 597 వ సంవత్సరమునకు కట్టిన ముడి వీడిపోయినది.

ఇక మన అరికమేడునకు వత్తము. వీలర్ వెనుకనే 1947 లో ఫ్రెంచి పండితుడు కసాల్ అచ్చట త్రవ్వి, రోమక వస్తువుల కడుగున అంతకంటె పాత పొర యున్నదని చూపెను. ఆ ఊరు రోమకులు వచ్చి వెలయించినది కాదని అప్పుడే తెలియవలసినది. 1983 లో విమలా బెగ్లీ పాత తవ్వకముల లెక్కలన్నియు తిరగవేసి, గాట్ల పళ్లెములు రోమక వర్తకమునకు ముందే, క్రీ. పూ. రెండవ శతాబ్దమున, వాడుకలో ఉండెనని వ్రాసిరి. అలంకారపు పద్ధతి మాత్రము పడమటినుండి వచ్చియుండవచ్చునని ఆమె తలంపు. 1989 నుండి 1992 వఱకు ఆమె మరల అచ్చట త్రవ్వకములు సాగించిరి.

పళ్లెములు ఎచ్చట చేసినవో తేల్చుటకు చివఱకు మట్టినే అడుగవలసివచ్చెను. మన పుత్తూరు ప్రాంతపు కుమ్మరి నడిగినను చెప్పును, ఏ చెఱువు మట్టి ఎట్టిదో, కాలిన పిమ్మట ఏ రంగు తిరుగునో. పరిశోధకులు చేయునదియు అదియే, సాధనములు వేఱు. పెంకును పొడిచేసి ఎక్స్ కిరణముల క్రింద నుంచి అందలి ఖనిజములను గుర్తింతురు. 1997 లో పుణె దక్కను కళాశాలకు చెందిన విశ్వాస్ గోగ్టే ఇట్లు పరీక్షించి, ఈ పళ్లెముల మట్టి వంగదేశమున చంద్రకేతుగఢ్, తామ్రలిప్తి ప్రాంతపు మట్టిని పోలియున్నదనెను. 2005 లో ఇంగ్లండు పరిశోధకులు రసాయన పరీక్షలు చేసి, వేర్వేఱు ఊళ్లలో దొరకిన ఈ తరగతి పాత్రలన్నియు ఒకే విధమైన నేలమట్టితో చేసినవనిరి. ఆ నేల వంగదేశముదే యని నాకు తోచుచున్నను, గంగాతీరపు ఒండ్రుమట్టి బహుదూరము ఒకేతీరుగ నుండును గనుక ఊరిపేరు చెప్పుటకు తొందరపడరాదు. మధ్యధరా తీరముది కాదనుట మాత్రము నిశ్చయము.

ఈ దిద్దుబాటు విని, అయిన రోమకులు రానేలేదు, అన్నియు మనవే యని చప్పట్లు కొట్టువారు కలరు. అదియు మఱొక పొరపాటే. విబియె, కామురి ముద్రల పాత్రలు పడమటివే. వీలర్ చేతికి తగిలిన పిడియు పడమటిదే.

ఆంఫొరా జాడీల లెక్కలోను వేఱొక దిద్దుబాటు జరిగినది. మన దేశమున దొరకిన అట్టి పెంకులను రాబర్టా టాంబర్ అను విదుషి ఊరూర తిరిగి మరల చూచి 2007 లో ప్రకటించిరి. రోమక జాడీలని పుస్తకములలో అచ్చయిన ముక్కలలో అనేకము పారసీక సింధుశాఖ తలాపున టైగ్రిసు, యూఫ్రటీసు నదుల దేశమున చేసిన జాడీలవని తేలినది. ఆ జాడీలకును అడుగు మొనదేలియుండును, కాని పిడులుండవు. లోపల నల్లని తారువంటి భూతైలపు పూత యుండును. అవి రోమక వర్తకము తగ్గిన తరువాతను శతాబ్దముల తరబడి వాడుకలో నుండినవి. పిడి లేని నడుము ముక్కను చూచి పిడులున్న జాడీదని వ్రాయుటచేత, పారసీకపు ఓడలు తెచ్చిన సరకు రోమాపురి ఖాతాలో జమయైనది.

ఇప్పటికిని కొన్ని పుస్తకములలో గాట్ల పళ్లెములకు రోమక పాత్రలను పేరు కానవచ్చుచున్నది. అట్టి మాట కనబడినచో పెంకుపై ముద్ర కలదా, పిడి కలదా, మట్టి పరీక్షింపబడినదా, ఏ పొరలో ఏ వస్తువుతో దొరకినదని వ్రాసిరి అని చూడవలెను. ఆ నాలుగింటిలో ఒక్కటియు లేనిచో ఆ వాక్యము 1946 నాటి ప్రకటననుండి చేతులు మారుచు వచ్చినదై యుండును.

ఆ పళ్లెములు పడమటినుండి మనకు వచ్చినవని వ్రాసికొన్న కాలమున అవి తూర్పున ఎంత దూరము పోయినవో ఎవరును వెదకలేదు. తరువాత జావాద్వీపమునను, బాలిద్వీపపు ఉత్తరతీరమున సెంబిరాన్ అను గ్రామమునను అవే పెంకులు భూమిలో దొరకినవి. సెంబిరాన్ పెంకుల మట్టి అరికమేడు పెంకుల మట్టితో సరిపోయినదని 1991 లో ప్రకటించిరి. ఆ గ్రామముననే భారతీయ లిపిలో అక్షరములు గీసిన పెంకొకటి కూడ దొరకినది.