పాత బుల్లెట్ ఇంజిన్‌లో చప్పుడు ఎక్కడిది?

పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ నిశ్శబ్దంగా తిరగదు. 346 సీసీల ఇనుప బోరు బుల్లెట్‌లో పిస్టన్‌కూ బోరుకూ మధ్య, పళ్లచక్రాల మధ్య, ప్రైమరీ చైనులో కొంత సందు ఉంచే బిగిస్తారు. వేడెక్కిన లోహం వ్యాకోచించడానికి, ఆయిల్ పాకడానికి ఆ సందు కావాలి. దానివల్ల వచ్చే చిన్నపాటి చప్పుడు ఆరోగ్యమే. ఉన్న చప్పుడు పెరిగినా, నిన్నటిదాకా లేనిది మొదలైనా కారణం వెతకాలి.

పాత బండ్లలో ముఖ్యమైనవి మూడు రకాలు: మద్రాసు దగ్గరి తిరువొత్తియూరు కేంద్రంగా తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరు కార్ఖానా నుంచి వచ్చిన జావా–యెజ్డీ, పాలక్యాన్లు మోసి పేరు తెచ్చుకున్న ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. బుల్లెట్‌ది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, మిగతా రెండూ టూ స్ట్రోక్. చప్పుడు వెతికే తీరు చాలావరకూ ఒకటే కనుక ముందు బుల్లెట్‌తో మొదలుపెట్టడం మేలు.

షెడ్డుకు వచ్చిన బండికి 'హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా' అన్నది ఖర్చును తేల్చే ప్రశ్న. హెడ్డు, బోరు వరకు విప్పితే సరిపోయేది హాఫ్ ఇంజిన్ పని. క్రాంక్‌కేసు రెండు ముక్కలు చేయాల్సి వస్తే ఫుల్ ఇంజిన్. స్పానర్ పట్టకముందే దీనికి జవాబు చాలావరకు చెవితో దొరుకుతుంది. చెవికి పని చెప్పకుండా ఇంజిన్ విప్పేయడం యజమానికి దండగ, ఇంజిన్‌కు హాని.

ముందు చప్పుడు ఎప్పుడు వస్తోందో చూడాలి. చల్లని ఇంజిన్‌లో వచ్చి వేడెక్కాక తగ్గుతోందా, వేడెక్కాకే మొదలవుతోందా? న్యూట్రల్‌లో వస్తోందా, గట్టు ఎక్కేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? తర్వాత దాని లయ పట్టుకోవాలి. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఒక్కో టాపెట్ 450 సార్లే కొడుతుంది. అందుకే టాపెట్ చప్పుడు నింపాదిగా వినిపిస్తుంది. క్రాంక్, పిస్టన్‌ల చప్పుడు దానికి రెట్టింపు వేగంతో రాగలదు.

చోటు పట్టుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు తాకిస్తే లోపలి చప్పుడు దగ్గరగా వినిపిస్తుంది. రాకర్ కవర్లు, బోరు, కుడివైపు టైమింగ్ కవరు, కింద క్రాంక్‌కేసు, ఎడమవైపు ప్రైమరీ కవరు వరుసగా తడిమి ఎక్కడ గట్టిగా ఉందో గుర్తించాలి. చప్పుడు లోహం వెంట పాకుతుంది కనుక ఒక్కచోట విని తీర్పు చెప్పకూడదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ చైను, వేడి సైలెన్సర్ దగ్గర చేతులు జాగ్రత్త.

అసలు ఇంజిన్‌ది కాని చప్పుళ్లను ముందే పక్కన పెట్టాలి. మట్టిరోడ్డు కుదుపులకు ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, టూల్‌బాక్సు, మడ్‌గార్డు వదులవుతాయి. అనుమానం ఉన్న భాగాన్ని అరచేత్తో గట్టిగా అదిమినప్పుడు చప్పుడు ఆగిపోతే దొంగ దొరికినట్టే. సైలెన్సర్ గొట్టం హెడ్డులో కూర్చునే చోట గాలి లీకయినా అచ్చం టాపెట్ లాగే 'చిట్ చిట్' మంటుంది. ఆ అతుకు చుట్టూ నల్లటి మసి పేరుకుని ఉంటుంది. టాపెట్లు ఎంత బిగించినా ఈ చప్పుడు పోదు.

టాపెట్లను చల్లని ఇంజిన్‌లోనే చూడాలి. బోరు కింద కుడివైపున్న చిన్న మూత విప్పితే రెండు పుష్‌రాడ్ల అడుగు భాగాలు కనిపిస్తాయి. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైఅంచుకు తెస్తే రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. అప్పుడు పుష్‌రాడ్‌ను బొటనవేలితో, చూపుడువేలితో తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. లాక్‌నట్ బిగించగానే సర్దుబాటు కాస్త మారిపోతుంది కనుక మళ్లీ తిప్పి చూడాలి. చప్పుడు పూర్తిగా పోవాలని మరీ బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. కొంచెం చప్పుడుతో బతికే వాల్వే మేలు. 2010 ప్రాంతంలో వచ్చిన కొత్త ఇంజిన్లలో హైడ్రాలిక్ టాపెట్లు ఉండడంతో ఈ పని తప్పింది.

ఎడమవైపు గరగరమంటూ లయ తప్పిన చప్పుడు వస్తుంటే ప్రైమరీ చైను సాగిందేమో చూడాలి. కవరు మీది మూత తీసి చైనును పైకీ కిందికీ కదిపితే సుమారు 6 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు. ఇంజిన్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ, బిగువు ఎక్కువగా ఉన్నచోటే కొలవాలి. క్లచ్ పట్టగానే చప్పుడు మారితే అనుమానం క్లచ్ మీదికి వెళ్తుంది.

గట్టు ఎక్కుతుంటే గాజు గోళీలు కలబడినట్టు సన్నగా మోగితే అది నాకింగ్. స్పార్క్ ముందుగా పడటం, హెడ్డులో కార్బన్ పేరుకోవడం, నాసిరకం పెట్రోలు దీనికి సాధారణ కారణాలు. దీన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే బోరు దగ్గర డొల్లగా టకటకలాడి, కాసేపటికి తగ్గితే పిస్టన్ బోరులో ఊగుతోందని అర్థం. పిస్టన్ అల్యూమినియంది, బోరు ఇనుముది. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచించి సందును పూడుస్తుంది. పొగ రాకుండా, ఆయిల్ తాగకుండా ఉంటే కొంతకాలం నడపవచ్చు. లేదంటే బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాలి. ఇది హాఫ్ ఇంజిన్ పని. న్యూట్రల్‌లో పదునుగా, జంటగా కొట్టే టిక్కుటిక్కు చప్పుడు పిస్టన్ పిన్ను బుష్ అరుగుదలకు గుర్తు.

అన్నిటికన్నా భయపడాల్సింది బిగ్ ఎండ్ చప్పుడు. ఇంజిన్ అడుగు నుంచి మొద్దుగా, బరువుగా 'దబ్ దబ్' మని వస్తుంది. ఆయిల్ వేడెక్కి పలచబడేకొద్దీ పెరుగుతుంది, భారం పడినప్పుడు మరింత తెలుస్తుంది. అది వినిపిస్తే బండిని ఇంటిదాకా కూడా నడపకూడదు. కనెక్టింగ్ రాడ్ విరిగితే క్రాంక్‌కేసే పగిలిపోవచ్చు. హెడ్డు, బోరు తీసి, రాడ్‌ను పట్టుకుని నిలువునా ఎత్తి దించి చూడాలి. పక్కలకు కొంచెం ఆడటం సహజమే. నిలువునా ఆట తెలిస్తే ఫుల్ ఇంజిన్ తప్పదు. క్రాంక్‌ను ప్రెస్సులో విడదీసి, కొత్త బేరింగ్ వేసి, ఫ్లైవీల్స్ వంకర లేకుండా డయల్ గేజ్‌తో సరిచూడాలి. సుత్తి దెబ్బలతో అయ్యే పని కాదు కనుక పరికరాలున్న లేత్ షాపుకే పంపాలి. అంతకన్నా ముందు ఆయిల్ ఎందుకు అందలేదో తేల్చాలి. పంపు, ఆయిల్ దారులు శుభ్రం చేయకుండా కొత్త బేరింగ్ వేస్తే అదీ త్వరలోనే పోతుంది.

రాజ్‌దూత్, యెజ్డీలలో వాల్వులూ టాపెట్లూ లేవు. కనుక పైభాగంలో టకటకలాడితే అనుమానించాల్సింది పిస్టన్‌ను, రింగులను, పిన్ను బేరింగ్‌ను. వాటి క్రాంక్ బేరింగ్‌లకు ఆయిల్ పెట్రోలుతో కలిసి అందుతుంది. కలిపే ఆయిల్ తగ్గితే ముందుగా నష్టపోయేవి ఆ బేరింగ్‌లే. వేగం పెరిగేకొద్దీ హోరుగా మారే చప్పుడు మెయిన్ బేరింగ్‌లది. వాటిని మార్చేటప్పుడే పక్కనున్న ఆయిల్ సీళ్లూ మార్చాలి. పాత సీలులోంచి గాలి జొరబడితే పెట్రోలు మిశ్రమం పలచబడి, పిస్టన్ వేడెక్కి, కొత్త బోరు కూడా పట్టేస్తుంది.