క్షయ చికిత్సకు ఆరు నెలలు ఎందుకు?

దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరుగుతున్న దశలోనే క్షయవ్యాధిగ్రస్తులు పలువురు మందులు మానివేయడం వైద్య ఆరోగ్య సిబ్బందికి ఎదురవుతున్న ప్రధాన సమస్య. రోగి కోలుకున్నట్లు కనిపించినా వ్యాధి నయమైనట్లు కాదు. ఇందుకు కారణం వ్యాధికారక బాక్టీరియా నిర్మాణంలోను, అది ఎదిగే తీరులోను ఉన్నది.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో వెల్లడించిన ఈ బాక్టీరియా కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలనే పొడవైన కొవ్వు ఆమ్లాలు మైనపు పొరవలె అమరి ఉంటాయి. అందువలన అనేక మందులు సులభంగా లోనికి చొరబడలేవు. వేడిచేసి ఎక్కించిన ఎర్రరంగు ఆమ్లంతో కడిగినా వదలదు; కళ్లె పరీక్షకు ఆధారం ఈ గుణమే.

ఇక ఎదుగుదల విషయానికి వస్తే, పేగులలో ఉండే ఇ.కోలై అనుకూల పరిస్థితులలో సుమారు 20 నిమిషాలకు రెండుగా చీలుతుంది. క్షయ బాక్టీరియాకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఐసోనియాజిడ్ మైకోలిక్ ఆమ్లాల తయారీని, ఇథాంబ్యుటాల్ కవచంలోని చక్కెర గొలుసుల నిర్మాణాన్ని అడ్డగిస్తాయి. అయితే కొత్త కవచం కట్టుకోని నిద్రాణ కణంపై వీటి ప్రభావం స్వల్పం. అటువంటి కణాలను నిర్మూలించడంలో రిఫాంపిసిన్, పైరజినమైడ్ కీలకమైనవి. కనుకనే సాధారణ క్షయకు మొదటి రెండు నెలలు ఈ నాలుగు మందులు, తదుపరి నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన మూడు ఇస్తున్నారు.

రోగి ఊపిరితిత్తులలోని కోట్లాది బాక్టీరియాలలో జన్యుమార్పుల వలన ఏదో ఒక మందుకు లొంగనివి సహజంగానే కొన్ని ఉంటాయి. ఒకే మందు వాడితే తక్కినవి నశించి, ఇవే వృద్ధి చెందుతాయి. స్ట్రెప్టోమైసిన్‌ను ఒంటరిగా వాడి బ్రిటన్‌లో జరిపిన, 1948లో ప్రచురితమైన పరిశోధనలో ఇదే బయటపడింది. రోగి మందులకు అలవాటు పడ్డాడని వార్తలలో రాయడం పరిపాటి అయినది. వాస్తవానికి లొంగనిది రోగి శరీరం కాదు, బాక్టీరియా. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని క్షయను బహుళ ఔషధ నిరోధక క్షయగా పరిగణిస్తారు. దీనికి వేరే మందులు అవసరం.

బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూడడానికి వారాలు పడుతుండగా, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో జన్యు పరీక్ష సుమారు రెండు గంటలలో తెలుపుతుంది. 2020లో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా పేరు మారిన పథకం కింద పరీక్షలు, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు రూ.500 చొప్పున ఇచ్చిన పోషకాహార సహాయాన్ని 2024 నవంబరు నుంచి రూ.1,000కి పెంచారు. చికిత్స కొనసాగినంత కాలం ఈ మొత్తం రోగి బ్యాంకు ఖాతాకు జమ అవుతుంది.